ఓడిన సేనాపతి రెండవ యుద్ధం

కురుక్షేత్రంలో కౌరవసేనకు వరుసగా ఐదుగురు సేనాపతులయ్యారు. భీష్ముడు అంపశయ్యపై ఒరిగాడు. ద్రోణుడు, కర్ణుడు, శల్యుడు రణరంగంలోనే హతులైనారు. ఐదవవాడు అశ్వత్థామ. తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడు అతనికి సేనాపత్యాభిషేకం చేయించేనాటికి ఆ సేనలో మిగిలినవారు మరి ఇద్దరే. యుద్ధం ముగిసిన తరువాత అతనికి చావు కూడా దక్కలేదు. మాట కలిపే మనిషి లేకుండా మూడువేల ఏండ్లు అడవులవెంట తిరగమని శాపం దక్కింది. సౌప్తిక పర్వం చదివినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను వెంటాడుతూ ఉంటుంది. దాయాదుల పోరులో ఓడి, ప్రాణాలతో మిగిలిన సేనాపతి తక్కిన జీవితాన్ని ఎట్లా గడపాలి? ఎవరి మధ్య గడపాలి?

పరాయి దేశంతో పోరాడి ఓడినవాడు తన దేశానికి తిరిగి పోతాడు. అంతర్యుద్ధంలో ఓడినవానికి తిరిగి పోవడానికి మరొక దేశం లేదు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే చట్టం క్రింద బ్రతకాలి. ఒకే రేవులో సరకు దించుకోవాలి. ఒకే న్యాయస్థానం మెట్లెక్కాలి. ఎవరు ఎందుకు పోరాడారో, ఎవరివలన ఓడారో పిల్లలకు చెప్పవలసిన కథ మాత్రం ఇంకా వ్రాయబడి ఉండదు. ఆ కథ వ్రాసే హక్కుకోసం జరిగే పోరాటమే రెండవ యుద్ధం. మొదటిదానికంటె అది దీర్ఘమైనది. అందులో ఓడినవారు గెలవడం కూడా కద్దు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని అయిన జేమ్స్ లాంగ్‌స్ట్రీటు జీవితం ఈ విషయాన్ని చెప్పినంత స్పష్టంగా మరొకరి జీవితం చెప్పదని నా అభిప్రాయం.

బానిసత్వాన్ని నిలుపుకొనడానికి దక్షిణ రాష్ట్రాలు ఐక్య రాజ్యం నుండి విడివడి, వేరొక సమాఖ్యగా ఏర్పడగా 1861లో మొదలైన ఆ యుద్ధం నాలుగేండ్లు సాగి, ఆరు లక్షలకు పైగా సైనికులను బలిగొన్నది. 1865 ఏప్రిల్ 9వ తేదీన వర్జీనియాలోని అపొమాటొక్స్ గ్రామంలో దక్షిణాది సేనాని రాబర్టు ఇ. లీ తన సైన్యాన్ని ఉత్తరాది సేనాని యులిసిస్ గ్రాంటుకు అప్పగించాడు. ఇంచుమించు నలభై లక్షలమంది బానిసలకు విముక్తి కలిగింది. విజేత విధించిన షరతులు ఉదారమైనవి. మళ్ళీ ఆయుధం పట్టబోమని మాట యిచ్చి ఎవరి యిండ్లకు వారు వెళ్ళవచ్చును. అధికారులు తమ కత్తులను, సైనికులు పొలం దున్నుకొనడానికి తమ గుర్రాలను వెంట తీసుకొనిపోవచ్చును. దక్షిణాది ప్రధాన సేనానులలో ఒక్కరినీ ఉరికంబం ఎక్కించలేదు.

ఆ సేనానులు ఆ తరువాతి జీవితాన్ని తలకొక విధంగా గడిపారు. లీ వర్జీనియాలో ఒక చిన్న కళాశాలకు అధ్యక్షుడై, ఐదేండ్లు పిల్లల చదువు చూచి, స్వీయచరిత్ర వ్రాయకుండానే 1870లో కన్నుమూశాడు. జాన్ హుడ్ న్యూ ఆర్లియన్సులో వ్యాపారం చేసుకొంటూ 1879లో పచ్చజ్వరానికి బలి అయ్యాడు. అతని భార్య, పెద్ద కుమార్తె కూడ అదే వారంలో పోగా పదిమంది బిడ్డలు అనాథలైనారు. జోసెఫ్ జాన్‌స్టన్ 1891లో, తనను ఓడించిన షెర్మన్ అంత్యక్రియలకు వెళ్ళి, చలిలో టోపీ తీసి నిలబడి, ఆ జలుబు ముదిరి కొన్ని వారాలకు తానూ మరణించాడు. జూబల్ ఎర్లీ మెక్సికోకు, అక్కడ నుండి కెనడాకు పారిపోయి, 1869లో తిరిగి వచ్చి, బ్రతికినంతకాలం ఓటమిని అంగీకరించకుండానే బ్రతికాడు. ఈ ఎర్లీ పేరును పాఠకులు గుర్తుంచుకోవలెను. మన కథలో అతనితో పని ఉన్నది.

లాంగ్‌స్ట్రీటు 1821లో దక్షిణ కెరొలైనాలో జన్మించాడు. చిన్ననాటి నుండి జార్జియాలో పినతండ్రి ఆగస్టస్ బాల్డ్విన్ లాంగ్‌స్ట్రీటు ఇంట పెరిగాడు. ఈ పినతండ్రి న్యాయవాది, మతబోధకుడు, కళాశాలాధ్యక్షుడు. అన్నిటికంటె మిన్నగా, జార్జియా పల్లెల జీవితాన్ని హాస్యంతో చిత్రించి 1835లో గ్రంథం వెలువరించిన రచయిత. కలం పట్టిన ఇంట పెరిగినా కుర్రవానికి చదువు అబ్బలేదు. వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో 1842లో ఉత్తీర్ణులైన 56 మందిలో అతనిది 54వ స్థానం. అక్కడ అతనికి దొరికిన స్నేహితుడు గ్రాంటు. గ్రాంటు పెండ్లాడిన జూలియా డెంట్, లాంగ్‌స్ట్రీటు తల్లివైపు బంధువు. 1848లో జరిగిన ఆ పెండ్లికి అతడు వెళ్ళాడు. ఈ స్నేహం ఇరువురూ చెరొక సైన్యంలో నిలిచి పోరాడిన తరువాత కూడ చెడలేదు.

యుద్ధంలో అతడు లీకి కుడిభుజం. లీ సైన్యంలోని మొదటి దళానికి ఆద్యంతం అతడే నాయకుడు. 1862 జనవరిలో రిచ్‌మండు నగరంలో విషజ్వరం సోకి అతని ముగ్గురు బిడ్డలు కొద్ది దినాల తేడాలో చనిపోయారు. వారిని పూడ్చి మళ్ళీ సేనలోకి వచ్చాడు. 1864 మే నెలలో విల్డర్నెస్ అడవిలో పొగలో గుర్తుపట్టలేక స్వపక్ష సైనికులే కాల్చిన గుండు అతని గొంతును, భుజాన్ని చీల్చింది. కుడిచేయి చాలకాలం చచ్చుబడింది. గొంతు జన్మాంతం బొంగురుగానే ఉండిపోయింది. కోలుకొని తిరిగివచ్చి, అపొమాటొక్స్‌లో చివరి దినం వరకు లీ ప్రక్కనే ఉన్నాడు. లొంగుబాటు వివరాలను ఖరారు చేయడానికి లీ నియమించిన ముగ్గురు ప్రతినిధులలో అతడొకడు; గోర్డన్ రెండవవాడు; ఫిరంగిదళపు నాయకుడు విలియం పెండిల్టన్ మూడవవాడు. ఈ పెండిల్టన్ కూడ మళ్ళీ మనకు కనిపిస్తాడు. ఆ సందర్భంలోనే గ్రాంటు పాత స్నేహితుని చేయిపట్టుకొని, చుట్ట అందించి, మునుపటివలెనే పేకాట ఆడుకొందామన్నాడని లాంగ్‌స్ట్రీటు ముసలితనంలో చెప్పుకొనేవాడు.

యుద్ధానంతరం అతడు న్యూ ఆర్లియన్సులో స్థిరపడి ప్రత్తి వ్యాపారంలోను, బీమా వ్యాపారంలోను దిగాడు. పౌరహక్కులు తిరిగి రావడానికి క్షమాపత్రం కావలసి ఉండెను. గ్రాంటు సిఫారసు ఉత్తరం వ్రాసి యిచ్చాడు. దేశాధ్యక్షుడు ఆండ్రూ జాన్‌సన్ నిరాకరించాడు. దక్షిణాదిలో ముగ్గురికి ఎన్నటికీ క్షమ దొరకదని, వారు సమాఖ్యాధ్యక్షుడు జెఫర్‌సన్ డేవిస్, లీ, లాంగ్‌స్ట్రీటు అని అధ్యక్షుడు తనతో అన్నట్లు లాంగ్‌స్ట్రీటు తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు. అప్పటికి దక్షిణాదివారి దృష్టిలో అతని స్థానం ఏమిటో ఈ మాటయే చెబుతున్నది. శత్రువు అంతగా పగబట్టిన వానిని స్వజనం అంతగానూ గౌరవించింది.

అంతా 1867లో తారుమారయింది. ఆ మార్చిలో అమెరికా కాంగ్రెసు పునర్నిర్మాణ చట్టాలను ఆమోదించింది. దక్షిణ రాష్ట్రాలు సైనిక పాలన క్రిందికి వచ్చాయి. విముక్తులైన నల్లజాతి పురుషులకు ఓటు ఇచ్చి, క్రొత్త రాజ్యాంగాలు వ్రాసుకొంటేనే ఆ రాష్ట్రాలకు తిరిగి ప్రాతినిధ్యం లభిస్తుందని చట్టం. న్యూ ఆర్లియన్సు పత్రిక ఒకటి ఈ విషయమై నగరంలోని ప్రముఖుల అభిప్రాయాలను కోరింది. లాంగ్‌స్ట్రీటు సమాధానాలు వ్రాశాడు. వాటి సారాంశం ఇది: మనం ఓడిపోయాము. ఏ ప్రశ్నలకోసం కత్తి దూశామో ఆ ప్రశ్నలకు కత్తియే సమాధానం చెప్పింది. ఓడినవాడు గెలిచినవాని చట్టాన్ని అంగీకరించి, దాని ప్రకారం నడుచుకోవడం సైనికధర్మం. ఆ చట్టంలో నల్లవారి ఓటు ఉంటే దానిని కూడ అంగీకరించవలసిందే.

వీటిలో ఒకదానిని ప్రచురణకు ఇచ్చేముందు అతడు పినతండ్రికి చూపించాడు. లోకాన్ని నవ్వించి బ్రతికిన ఆ వృద్ధరచయితకు తనవారి కోపం సంగతి బాగా తెలుసును. ఇది అచ్చయితే నాశనమైపోతావు నాయనా అని హెచ్చరించాడు. లాంగ్‌స్ట్రీటు అచ్చుకు పంపించాడు. పినతండ్రి మాటయే నిజమయింది. పత్రికలు అతనిని ద్రోహి అన్నాయి. పాత మిత్రులు వీథిలో ఎదురుపడి ముఖం త్రిప్పుకొన్నారు. వ్యాపారం దెబ్బతిన్నది. మద్దతు కోరుతూ అతడు లీకి ఉత్తరం వ్రాశాడు. లీ మర్యాదగా, నిశ్చయంగా నిరాకరించాడు. చట్టానికి లోబడి ఉండమని తానూ అందరికీ చెబుతున్నవాడే అయినా, నల్లవారికి ఓటు ఇవ్వడం లీకి సమ్మతం కాదు. 1866 ఫిబ్రవరిలో కాంగ్రెసు సంఘం ముందు అతడు ఆ మాట సాక్ష్యంగానే చెప్పి ఉన్నాడు.

ఇక్కడ లాంగ్‌స్ట్రీటును మహాత్మునిగా చిత్రించడం సత్యదూరం అవుతుంది. నల్లవారు ఎట్లాగూ ఓటర్లు అయ్యారు కాబట్టి, ఆ ఓట్లు మనకు కీడు చేయకుండా వారిని మన పలుకుబడిలో ఉంచుకోవడం మంచిదని అతడే ఆ రోజులలో వ్రాశాడు. బానిసత్వం పాపమని ఎలుగెత్తి చాటినవాడు కాడు. బానిసలు కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. అతని మొదటి అడుగులో ధర్మబుద్ధి ఎంతో, లౌక్యం కూడ అంతే. కాని మనిషి ఏ ఉద్దేశంతో మొదటి అడుగు వేసినా, ఆ దారి అతనిని మరెంతో దూరం తీసుకొనిపోవచ్చును. లాంగ్‌స్ట్రీటు విషయంలో అదే జరిగింది.

1868 జూన్‌లో కాంగ్రెసు అతని పౌరహక్కులను పునరుద్ధరించింది. అతడు రిపబ్లికన్ పక్షంలో చేరి, ఆ యేటి ఎన్నికలలో గ్రాంటును బలపరిచాడు. గ్రాంటు అధ్యక్షుడైన కొద్ది దినాలకే, 1869లో, న్యూ ఆర్లియన్సు రేవు సుంకాల కార్యాలయంలో అతనికి ఉన్నతోద్యోగం ఇచ్చాడు. ఆత్మగౌరవాన్ని ఉద్యోగానికి అమ్ముకొన్నాడన్నారు దక్షిణాదివారు. తరువాత లూసియానా రాష్ట్ర ప్రభుత్వం తన రక్షకదళాలను అతని చేతిలో పెట్టింది. ఆ దళాలలో నల్లవారు అధికంగా ఉండేవారు. యుద్ధంలో ఎవరి విముక్తికి ఎదురునిలిచి పోరాడాడో, వారికే అతడు నాయకుడయ్యాడు.

1874 సెప్టెంబరు 14వ తేదీన న్యూ ఆర్లియన్సు నడివీథిలో ఆ నాయకత్వానికి పరీక్ష వచ్చింది. ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలద్రోయడానికి 'వైట్ లీగ్' అనే శ్వేతజాతి సాయుధసంఘం వేలకొలది మనుషులతో బయలుదేరింది. వారిలో చాలమంది పాత దక్షిణ సైనికులే. వారికి ఎదురుగా నగరపు పోలీసులు, నల్లవారి రక్షకదళం, వారి ముందు గుర్రంమీద లాంగ్‌స్ట్రీటు. పోరు ఎంతోసేపు సాగలేదు. లాంగ్‌స్ట్రీటు దళం చెదిరిపోయింది. వేగం ఉడిగిన గుండు ఒకటి అతనికి తగిలింది. గుర్రంమీది నుండి లాగి అతనిని బందీగా పట్టుకొన్నారు. మూడు దినాలు నగరం తిరుగుబాటుదారుల చేతిలో ఉండి, గ్రాంటు పంపిన కేంద్రసేనలు రావడంతో పాత ప్రభుత్వం మళ్ళీ నిలిచింది. పదేండ్ల క్రితం పొరపాటున స్వజనం చేత గాయపడిన సేనాని ఈసారి బుద్ధిపూర్వకంగానే వారిచేత గాయపడ్డాడు.

ఇంతవరకు కత్తుల సంగతి. ఇక కలాల సంగతి. 1870 అక్టోబరులో లీ మరణించాడు. గెటిస్‌బర్గు ఓటమికి లాంగ్‌స్ట్రీటు కారకుడని లీ జీవించినంతకాలం బహిరంగంగా ఒక్కమాట అనలేదు. 1872 జనవరి 19న, లీ జన్మదినాన, అతడు అధ్యక్షుడుగా ఉండిన కళాశాలలో ఉపన్యసించడానికి ఎర్లీ వచ్చాడు. 1863 జూలై 2వ తేదీన గెటిస్‌బర్గులో లాంగ్‌స్ట్రీటు చేసిన జాగుచేతనే యుద్ధం పోయిందని ఆ ఉపన్యాసంలో ఆరోపించాడు. మరుసటి యేడు అదే వేదికమీద పెండిల్టన్ ఇంకొక మెట్టు పైకెక్కాడు. ఆ ఉదయం సూర్యోదయంతోనే దాడి చేయమని లీ ఆజ్ఞాపించాడని, లాంగ్‌స్ట్రీటు సాయంకాలం దాకా కదలలేదని ప్రకటించాడు. అపొమాటొక్స్‌లో లాంగ్‌స్ట్రీటు ప్రక్కన కూర్చుండి లొంగుబాటు కాగితాలు తయారుచేసిన పెండిల్టనే ఇతడు.

ఈ ఆరోపణలోని సత్యాసత్యాలు ఏమిటి? గెటిస్‌బర్గులో ఆత్మరక్షణకు అనువైన స్థలం చూచుకొని శత్రువునే తమపైకి రానివ్వడం మేలని లాంగ్‌స్ట్రీటు వాదించిన మాట నిజం. లీ ఒప్పుకోలేదు. రెండవనాడు లాంగ్‌స్ట్రీటు దాడి సాయంత్రం నాలుగు గంటల ప్రాంతానగాని మొదలుకాలేదు. ఇష్టంలేని పనికి అతడు కావలసినంత చురుకు చూపలేదని తటస్థులైన చరిత్రకారులు కొందరు కూడ అంటారు. మూడవనాడు పన్నెండువేల పైచిలుకు సైనికులను మైదానం మీదుగా శత్రు ఫిరంగుల ఎదుటికి పంపే ఆజ్ఞను ఇవ్వవలసి వచ్చినప్పుడు అతని నోట మాట రాలేదు. తల మాత్రం ఊపాడు. వెళ్ళినవారిలో సగం మంది వరకు హతులో, క్షతగాత్రులో, బందీలో అయ్యారు. ఇదంతా చర్చించదగిన విషయమే. కాని సూర్యోదయపు ఆజ్ఞ సంగతి వేరు. లాంగ్‌స్ట్రీటు లీ వద్ద ఆంతరంగిక సిబ్బందిగా పనిచేసిన అధికారులకే ఉత్తరాలు వ్రాసి అడిగాడు. అటువంటి ఆజ్ఞ ఏదీ తామెరుగమని వారు బదులు వ్రాశారు. ఆ ఉత్తరాలను అతడు అచ్చువేయించాడు. అయినా ఆరోపణ ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం ఉన్నది. 1869లో న్యూ ఆర్లియన్సులో స్థాపితమై, 1873లో రిచ్‌మండుకు మారిన దక్షిణ చరిత్ర సంఘానికి ఎర్లీ అధ్యక్షుడయ్యాడు. 1876 నుండి ఆ సంఘం ప్రచురించిన సంపుటాలు యుద్ధ చరిత్రకు ఆకరాలుగా చెలామణి అయ్యాయి. 1877లో గెటిస్‌బర్గును గురించి వరుసగా వ్యాసాలు వచ్చాయి. వాటిలో అధికభాగం లాంగ్‌స్ట్రీటును బోనులో నిలబెట్టినవే. ఓటమికి రిచ్‌మండు పత్రికా సంపాదకుడు ఎడ్వర్డు పొలార్డు 1866లోనే ఒక పేరు పెట్టి ఉన్నాడు: 'లాస్ట్ కాజ్', చేజారిన ధర్మమని తాత్పర్యం. ఆ వాదం ప్రకారం యుద్ధం బానిసత్వంకోసం జరగనేలేదు. దక్షిణాది వీరులు ధర్మచ్యుతి ఎరుగరు. లీకి పొరపాటు అనేది లేదు. అంతటి లీ ఓడిపోయాడంటే ఎవరో ఒకరు ఓడించి ఉండాలి. ఆ స్థానానికి లాంగ్‌స్ట్రీటు సరిగ్గా సరిపోయాడు.

పాఠకులు కాలక్రమాన్ని గమనించాలి. గెటిస్‌బర్గు యుద్ధం 1863లో. ఓటమిని అంగీకరించమనే ఉత్తరాలు 1867లో. ఉద్యోగం 1869లో. బహిరంగ ఆరోపణ 1872లో. తొమ్మిదేండ్లపాటు లేని నేరం, అతడు నల్లవారి ఓటును అంగీకరించి, గ్రాంటు పక్షాన చేరిన తరువాత పుట్టింది. ఇక ఆరోపించిన ఎర్లీ చరిత్ర చూస్తే, గెటిస్‌బర్గు మొదటినాటి సాయంకాలం శత్రువు నిలదొక్కుకొన్న గుట్టలను స్వాధీనం చేసుకొనలేకపోయిన సేనానులలో అతడూ ఒకడు. 1865 మార్చిలో లీయే అతనిని నాయకత్వం నుండి తప్పించాడు. ఇంత ఉన్నా ఎర్లీ ఆదర్శ దాక్షిణాత్యుడయ్యాడు. లాంగ్‌స్ట్రీటు ద్రోహి అయ్యాడు. ఒకడు ఓటమిని అంగీకరించలేదు. ఇంకొకడు అంగీకరించాడు. తేడా అంతే.

ఈ రెండవ యుద్ధంలో లాంగ్‌స్ట్రీటు తనకు తానే హాని చేసుకొన్నమాట కూడ చెప్పాలి. సేనానికి వాక్యం లొంగలేదు. ఫిలడెల్ఫియా పత్రికకు, తరువాత న్యూయార్కులోని సెంచురీ పత్రికకు వ్యాసాలు వ్రాశాడు. 1896లో పెద్ద స్వీయచరిత్ర ప్రకటించాడు. ప్రత్యర్థులను నిందించబోయి తానే అతిశయోక్తులకు దిగాడు. చనిపోయిన లీని నిష్ఠురంగా విమర్శించాడు. తేదీలలో, వివరాలలో తడబడ్డాడు. ప్రతి తడబాటును శత్రువులు పట్టుకొని అతని మాటలన్నీ అబద్ధాలే అన్నారు. నిజం చెప్పేవాడు కోపంతో చెబితే ఆ నిజం విలువ సగానికి పడిపోతుంది. ఈ సంగతి తెలిసిన పినతండ్రి 1870లోనే పోయాడు.

1875లో అతడు జార్జియాలోని గేన్స్‌విల్ పట్టణానికి మకాం మార్చి, హోటలు నడిపాడు, వ్యవసాయం చేశాడు, ద్రాక్షతీగలు పెంచాడు. 1877లో కాథలిక్ మతం స్వీకరించాడు. 1880లో అమెరికా రాయబారిగా తురుష్క సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపిల్‌కు వెళ్ళి, మరుసటి యేడే తిరిగివచ్చాడు. 1886లో ఒక విగ్రహావిష్కరణ సందర్భంగా జెఫర్‌సన్ డేవిస్ అట్లాంటాకు వచ్చాడు. పిలుపు లేకపోయినా లాంగ్‌స్ట్రీటు పాత సేనాని దుస్తులు ధరించి, గుర్రంమీద వచ్చి, వేదిక ఎక్కి డేవిస్‌ను కౌగిలించుకొన్నాడు. జనం హర్షధ్వానాలు చేశారు. పాత సైనికులకు అతనిమీద ప్రేమ చావలేదు. ఉపన్యాసాలు, వ్యాసాలు వ్రాసే పెద్దలు మాత్రం క్షమించలేదు. 1889లో ఇల్లు అగ్నికి ఆహుతి అయింది. యుద్ధకాలపు కాగితాలు, స్మృతిచిహ్నాలు దానితోపాటు బూడిద అయ్యాయి. ఆ సంవత్సరాంతంలోనే నలభై యేండ్లకు పైగా కాపురం చేసిన భార్య లూయిజా మరణించింది.

1904 జనవరి 2వ తేదీన, 83 ఏండ్లు నిండడానికి కొద్ది దినాలు ఉన్నదనగా, అతడు గేన్స్‌విల్‌లో కన్నుమూశాడు. దక్షిణాది వీరుల స్మృతిని కాపాడే మహిళాసంఘపు సవానా శాఖవారు అతని అంత్యక్రియలకు పూలు పంపరాదని నిర్ణయించారు. 1897లో అతడు పెండ్లాడిన రెండవ భార్య హెలెన్ డార్చ్ ఆ యేడే భర్తను సమర్థిస్తూ ఒక గ్రంథం ప్రకటించింది. అతనికంటె ఆమె నలభై యేండ్లకు పైగా చిన్నది. 1962 వరకు జీవించి, చివరిదాకా ఆయన పక్షాన వాదిస్తూనే ఉన్నది. రెండవ యుద్ధంలో అతనికి మిగిలిన సైన్యం ఆమె ఒక్కతే.

ఆ యుద్ధంలో ఎవరు గెలిచారు? చాలకాలం ఎర్లీయే గెలిచాడు. లీకి, జాక్సన్‌కు, డేవిస్‌కు దక్షిణాది అంతటా విగ్రహాలు లేచాయి. ఆ ముగ్గురి రూపాలను జార్జియాలోని స్టోన్ పర్వతంమీద కొండంతగా చెక్కారు. ఆ పని 1972లో ముగిసింది. జార్జియాలోనే పెరిగి, జార్జియాలోనే మట్టిలో కలిసిన లాంగ్‌స్ట్రీటుకు ఆ కొండమీద చోటు లేదు. న్యూ ఆర్లియన్సులో 1874 నాటి తిరుగుబాటుదారుల గౌరవార్థం 1891లో స్తంభం నిలిపారు. శ్వేతజాతి ఆధిపత్యాన్ని కీర్తించే వాక్యాలను 1932లో దానిపై చెక్కించారు. 1934, 1935 సంవత్సరాలలో డగ్లస్ సౌథాల్ ఫ్రీమన్ వెలువరించిన లీ జీవితచరిత్ర, నాలుగు సంపుటాలు, పులిట్జర్ బహుమానం పొందింది. అంతటి పరిశ్రమ చేసిన చరిత్రకారుడు కూడ ఆ గ్రంథంలో గెటిస్‌బర్గు ఓటమి బరువును ఎక్కువగా లాంగ్‌స్ట్రీటుపైనే మోపాడు.

ఇది ఒక సేనాని కీర్తికి సంబంధించిన చిన్న తగవు కాదా, మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చును. చేజారిన ధర్మమనే కథను నమ్మించడంతోపాటే దక్షిణాదిలో మరొక పని జరిగింది. 1877లో కేంద్రసేనల అండ తొలగింది. 1890లో మిసిసిపీ, 1898లో లూసియానా క్రొత్త రాజ్యాంగాలు వ్రాసుకొని నల్లవారి ఓటును ఇంచుమించు ఊడబెరికాయి. తక్కిన రాష్ట్రాలూ ఆ దారినే పట్టాయి. ఆ హక్కు తిరిగి గట్టిపడడానికి 1965 నాటి ఓటుహక్కు చట్టం రావలసి వచ్చింది. అపొమాటొక్స్ నుండి లెక్కిస్తే సరిగ్గా నూరేండ్లు. ఆ నూరేండ్ల అన్యాయానికి కథ అండగా నిలిచింది. యుద్ధం బానిసత్వంకోసం కాదని, అంగీకరించినవాడు ద్రోహి అని పాఠ్యపుస్తకాలలో చదువుకొన్న పిల్లలు పెద్దవారై ఆ చట్టాలను నిలిపారు.

కాలం కొంత సరిదిద్దింది. 1974లో మైకేల్ షారా వ్రాసిన గెటిస్‌బర్గు నవల లాంగ్‌స్ట్రీటును దూరదృష్టిగల సేనానిగా చూపి, వేలకొలది పాఠకుల మనస్సులను మార్చింది. చరిత్రకారులు మూయించిన తలుపును ఒక నవలాకారుడు తెరిచాడు. 1998 జూలై 3వ తేదీన గెటిస్‌బర్గు మైదానంలో అతని విగ్రహాన్ని ఆవిష్కరించారు. దానికి ఎత్తయిన పీఠం లేదు. గుర్రం నేలమీదనే నిలిచి ఉన్నది. న్యూ ఆర్లియన్సులోని తిరుగుబాటు స్తంభాన్ని 2017 ఏప్రిల్‌లో తొలగించారు. 2023లో ఎలిజబెత్ వారన్ అనే చరిత్రకారిణి అతని యుద్ధానంతర జీవితాన్నే ప్రధానంగా తీసుకొని జీవితచరిత్ర ప్రకటించింది. నేడు అతడు వీరుడని ఎవరూ కొత్తగా పూజించనక్కరలేదు. అతడు బానిసత్వ పక్షాన నాలుగేండ్లు పోరాడిన మాట ఏ విగ్రహమూ చెరపలేదు. ఆ తరువాత అతడు చేసిన పని కూడ చెరిగిపోకుండా ఉంటే చాలును.

అశ్వత్థామకు శాపం ఇచ్చింది గెలిచిన పక్షం. నిద్రిస్తున్నవారిని చంపినందుకు, గర్భస్థ శిశువుపై అస్త్రం వేసినందుకు ఇచ్చింది. లాంగ్‌స్ట్రీటుకు గెలిచినవారు క్షమ ఇచ్చారు. శాపం ఇచ్చినది స్వపక్షమే. ఇక పోరు చాలునన్నందుకు ఇచ్చింది. ఆ శాపాన్ని పలికినవారు ఋషులు కారు. ఉపన్యాసకులు, పత్రికారచయితలు, గ్రంథకర్తలు. అంటే మన వృత్తివారు. యుద్ధం ముగిసిన దేశంలో ఆయుధాలను అప్పగించమని సైనికులను అడుగుతారు. కలాలను అప్పగించమని రచయితలను ఎవరూ అడగరు. అందుచేత ఆ విచక్షణ రచయితకు తనంతట తానే కలగవలసి ఉన్నది.